నీవెస్‌కి రాని ముక్క

పొద్దున్నే కాఫీ తాగకుండా, మొగుడితో ఒక్క మాట మాట్లాడకుండా, నీవెస్ వంటింటి బల్ల ముందు కూర్చుని కట్ట కలిపి పై ముక్క తిప్పింది. మళ్ళీ వాడే. ఒంటి కాలికి తాడు కట్టించుకుని తలకిందులుగా వేలాడుతూ, పెళ్ళివారింట్లో విందుకి కూర్చున్నంత హాయిగా నవ్వుతున్న మనిషి.

"నీ మొహం మండ!" అంది నీవెస్.

ఎజియో మొహం నిండా సబ్బు నురగతో స్నానాలగది తలుపు సందులోంచి తొంగి చూశాడు. "నన్నేనా?"

"నిన్ను కాదు. వీణ్ణి."

"అమ్మయ్య. నాకంటే ముందు తిట్లు తినేవాడు ఒకడు దొరికాడు ఈ కొంపలో," అంటూ అతను మళ్ళీ గడ్డం గీసుకోవడానికి పోయాడు.

నీవెస్ నల్ల అట్ట నోటుబుక్కు తెరిచి తారీకు వేసింది. 'మళ్ళీ తలకిందుల మనిషి. త్యాగం, నిశ్చలత్వం, అహాన్ని విడిచిపెట్టడం' అని రాసింది. అహాన్ని విడిచిపెట్టడం అన్నచోట కలం ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితానికి చిల్లు పడింది.

ఆమెకి కావలసింది నక్షత్రం. ఆకాశం కింద చెరువు గట్టున మోకాలు వంచి కూర్చుని, రెండు కూజాల్లోంచి నీళ్ళు ఒంపుతున్న ఆడమనిషి బొమ్మ. టారో కట్టలోని పెద్ద ముక్కలు ఇరవై రెండింట్లో మిగిలినవన్నీ వచ్చేశాయి. చంద్రుడు వచ్చాడు, సూర్యుడు వచ్చాడు, మృత్యువు కూడా పిలవని చుట్టంలా పదే పదే వచ్చిపోతోంది. నక్షత్రం మాత్రం ఏడాది గడిచినా మొహం చూపించలేదు.

జెలిందా గారి పద్ధతి అలాంటిది. ఇటలీలో తొరీనో ఊళ్ళో ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టు మీద ఆవిడ అద్దెగది ఉంది. గురువారం సాయంత్రం అక్కడ బల్ల చుట్టూ అయిదారుగురు చేరతారు. జోస్యం చెప్పమని ఎవరైనా వస్తే ఆవిడ గొడుగుతో వీపున ఒకటి వేసి మెట్లు దింపే రకం. "ముక్కలు రేపేమవుతుందో చెప్పవు. ఇవాళ నువ్వేం చూస్తున్నావో చెబుతాయి," అంటుంది. అడిగినవాళ్ళకి రంగుల్లేని గీతల బొమ్మలు ఇస్తుంది. వాటిని ఎవరికి వాళ్ళే అట్టలకి అంటించుకుని కట్ట చేసుకోవాలి. రోజూ పొద్దున ఎవరితోనూ మాట్లాడకముందే ఒక ముక్క తియ్యాలి. మొదటిసారి వచ్చిన ముక్కకి ఆ రోజే రంగులు వెయ్యాలి. ఏ ముక్కకి ఏ రంగో, పాత రహస్య గ్రంథాల లెక్కలో ఏ అక్షరమో, ఏ దారో అదంతా ఆవిడ చెబుతుంది. తరవాత నోటుబుక్కులో ఒక పేజీ రాయాలి. ఒకరి కట్ట ఒకరు ముట్టుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి ఉంది: రాని ముక్కని వెతుక్కోకూడదు. కట్టని బోర్లా పెట్టే కలపాలి గాని, వెల్లకిలా తిప్పి అందులో ఏముందో చూడకూడదు. అదే రావాలి. "ముక్క కోసం కాచుకోవడం కూడా చదువే," అనేది జెలిందా గారు. ఆ మాట అన్నప్పుడల్లా, ఏమీ కాచుకోనక్కర్లేని వాళ్ళు తలలూపేవాళ్ళు.

ఈ గురువారాలు నీవెస్ సొంతం. నాలుగేళ్ళ కిందట తనంతట తాను వెతుక్కుని సంపాదించుకున్న ఒకే ఒక్క సొంతం. అత్తవారింటికి పెద్దకోడలే గాని, అత్తగారి నోట ఎప్పుడూ చిన్నకోడలి పేరే. మాంసం కూరిన పిండి పొట్లాలు, అగ్నొలొత్తి, దెల్ఫీనా చేస్తే వెన్నలా కరుగుతాయిట, నీవెస్ చేస్తే నమలడానికి పళ్ళుండాలిట. మొగుళ్ళు అన్నదమ్ములిద్దరూ నడిపే బూట్ల కొట్టులో అద్దాల కిటికీ సర్దడానికి దెల్ఫీనా కావాలి. కొట్టు మూశాక నేల తుడవడానికి నీవెస్ గుర్తొస్తుంది. జెలిందా గారి బల్ల దగ్గర ఈ గోల లేదు. అక్కడ తొమ్మిదో దారి అంటే ఏమిటో, ఏ అక్షరానికి ఏ రంగో గడగడా చెప్పేది ఒక్క నీవెసే. బరువైన పుస్తకాలు తెచ్చి చదివింది, కళ్ళజోడు నంబరు పెంచుకుంది, నోటుబుక్కులు నింపింది.

అలాంటి చోటికి దెల్ఫీనాని తెచ్చింది ఎవరయ్యా అంటే మళ్ళీ నీవెసే. కిందటేడాది జనవరిలో ట్రాము దిగి ఇద్దరూ వానలో చిక్కుకున్నారు. "అక్కా, నీతో పాటు పైకొచ్చి కాసేపు కూచుంటానే, బూట్లు తడిసి చచ్చిపోతున్నా," అంది దెల్ఫీనా. బూట్ల కొట్టు కోడలి బూట్లు తడవడమేమిటి అని అప్పుడే అనుమానపడాల్సింది. ఆవిడగారు పైకొచ్చి రొట్టె పుల్లలు కరకరా నములుతూ అన్నీ విని, వెళ్ళేటప్పుడు, "నాక్కూడా ఒక కట్ట ఇవ్వరూ, బొమ్మలకి రంగులెయ్యడం చిన్నప్పట్నుంచీ ఇష్టం," అంది. నీవెస్ అప్పటికి పాత చదువంతా ముగించి, ఈ రంగుల కట్ట అప్పుడే మొదలెట్టింది. తోడికోడళ్ళిద్దరూ ఒకే కొట్టు బూట్ల పెట్టెల అట్టలు కోసి ముక్కలు చేసుకున్నారు. ఆ అట్టలు ఒకటి పలచన, ఒకటి మందం, అయినా పనికొచ్చాయి.

దెల్ఫీనా నోటుబుక్కు చూస్తే చదువుకున్నవాళ్ళెవరికైనా నవ్వొస్తుంది. చక్రవర్తి ముక్క వచ్చిన రోజున, 'ఈయన మా వీధి కసాయివాడిలా ఉన్నాడు. సింహాసనం రాయిది కాబట్టి కింద చల్లగా ఉండి ఉంటుంది. అందుకే ఆ చిరాకు' అని రాసింది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నీవెస్ కూడా, పాపం చిన్నది అన్నట్టు, పెద్దరికంగా నవ్వింది. జెలిందా గారు మాత్రం నవ్వలేదు. "రాయి చల్లగా ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు సుమా," అంది. ఆ మాటతో నీవెస్ కడుపులో నిప్పు రాజుకుంది, ఆరలేదు.

అసలు మంట తరవాత వచ్చింది. కిందటి శరదృతువులో ఒక గురువారం దెల్ఫీనా సన్యాసి పేజీ చదివింది. కొండ మీద లాంతరు పట్టుకుని నిలబడ్డ ముసలాయన బొమ్మ అది. 'లాంతరు తన మొహం దగ్గరే పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే దారి కనపడదు. మా నాన్న కూడా కొట్టు తాళం వేశాక లాంతరు అలాగే పట్టుకుని వచ్చేవాడు, మేం దూరం నుంచి ఆయన్ని గుర్తుపట్టాలని. ఈయన దారి వెతుక్కోవడం లేదు, ఎవరో తనని చూడాలని కాచుకున్నాడు' అని రాసుకుంది. చదివి ముగించి ఒక రొట్టె పుల్ల నోట్లో పెట్టుకుంది, ఏమీ జరగనట్టు.

జెలిందా గారు చేతిలో కప్పు కింద పెట్టింది. అప్పటికే ఆవిడ కళ్ళకి పొర కమ్ముతోంది. గొంతు వచ్చిన వైపుకి మొహం తిప్పి వింటుంది. "ఇదమ్మా చూడటమంటే," అంది. "ఇలాంటి పేజీ ఒకటి వినాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నా."

నీవెస్‌కి తల తీసేసినట్టయింది. నాలుగేళ్ళు! నాలుగేళ్ళ నోటుబుక్కులకి ఆవిడ అన్నదల్లా 'బావుంది, శ్రద్ధగా రాశావు' అని. శ్రద్ధగా రాయడానికి నీవెస్ ఏమైనా బడిపిల్లా? ఇంటికొచ్చే దారిలో ట్రాములో దెల్ఫీనా, "ఆవిడ నన్ను వెక్కిరించిందా అక్కా, మెచ్చుకుందా?" అని అడిగింది. "నాకేం తెలుసు," అంది నీవెస్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మర్నాడు పొద్దున మొదటిసారి తలకిందుల మనిషి వచ్చాడు. నీవెస్ రంగుల డబ్బాలు బల్ల మీద ధడేలున పెట్టింది. రంగు మెరవడానికి కలిపే జిగురు నీళ్ళ గిన్నె మోచెయ్యి తగిలి ఒలికింది. తుడవలేదు. వాడి కోటుకి నీలం, తల చుట్టూ పసుపు, చెట్టుకి ఆకుపచ్చ, ఒక్కో రంగూ ఎవరి చెంపో వాయించినట్టు వేసింది. ఆ ఒలికిన తడిలోనే ముక్కని వెల్లకిలా ఉంచి, నోటుబుక్కులోకి పుస్తకంలోంచి ఒక పేజీ ఎక్కించి, రంగు ఆరీ ఆరకుండానే కట్టలో దూర్చి, అట్టలు వంగిపోకుండా ఎప్పుడూ చేసినట్టే కట్ట మీద పాత ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. బజారుకి వెళ్ళి గుమ్మడికాయ బేరమాడుతూ కూడా 'ఇదమ్మా చూడటమంటే' అన్న మాటే నెమరేసుకుంది.

ఈస్టరుకి ముందు జెలిందా గారు ఒక మాట చెప్పింది. ఇక మెట్లు ఎక్కి దిగలేనని, పండగ అయ్యాక సవోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని. గది అద్దె ఏడాది చివరిదాకా కట్టేసి ఉందిట. "గురువారాలు ఆగకూడదు. మా గురువుగారు తన చేత్తో రంగులు వేసిన కట్ట నా దగ్గరుంది. నా చివరి గురువారం నాటికి ఎవరి ముక్కలన్నీ వచ్చి ఉంటే, కట్ట వాళ్ళది. ఈ కుర్చీ కూడా వాళ్ళదే."

పట్టుగుడ్డలో చుట్టిన ఆ కట్టని నీవెస్ రెండే రెండు సార్లు చూసింది. అంచులు నల్లబడి, రంగులు తేనెలా ముదిరిపోయి ఉండేవి. ఆ కట్ట, ఆ కుర్చీ తనకి కాక ఇంకెవరికి? బల్ల చుట్టూ లెక్క చూసుకుంది. మిగిలినవాళ్ళు రోజూ తియ్యరు, వాళ్ళకి సగం ముక్కలైనా రాలేదు. తనకి ఒక్కటే బాకీ, నక్షత్రం. దెల్ఫీనాకి కూడా ఒక్కటే బాకీ, పిడుగు పడే బురుజు.

ఆ నాటి నుంచి నీవెస్ పొద్దుటి ప్రాణం ఆ ఒక్క ముక్క మీదే. కట్ట ఒకటికి పదిసార్లు కలిపేది. తిప్పితే రథం. తిప్పితే న్యాయం. తిప్పితే వాడు, ఆ వెధవ, తలకిందులుగా. ఆదివారం అత్తగారింట్లో భోజనాల దగ్గర దెల్ఫీనా, "బురుజు వచ్చిందా అని అడగవేం అక్కా?" అంటే, "వస్తే నువ్వే ఊరంతా చాటుతావుగా," అంది. అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉందే, ఏం పేకాటమ్మా అది, డబ్బులు పెట్టి ఆడుతున్నారా?" అంది.

ఆఖరి గురువారానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే ఫోను మోగింది.

"అక్కా! వచ్చేసింది! బురుజు! గోడలోంచి మనుషులు దూకేస్తున్నారు, ఒకడికి బూట్లు కూడా లేవు!" దెల్ఫీనా ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. "నాకింకా నమ్మకం కలగట్లేదు. నీకే ముందు చెబుతున్నా, మీ మరిది దినోకి కూడా చెప్పలేదు."

"సంతోషం," అంది నీవెస్.

"నీది కూడా వచ్చేస్తుంది చూడు. రేపే వస్తుంది. ఇద్దరం కలిసి కూచుందాం ఆ కుర్చీలో, చెరో సగం."

ఫోను పెట్టేసి నీవెస్ కుర్చీలో కూలబడింది. చెరో సగమట! తన కుర్చీలో తనకి సగం దానం చేస్తోంది! చిన్నకోడలి మంచితనం కూడా ఇంత పొగరుగా ఎందుకుంటుంది? దాని అగ్నొలొత్తి, దాని నవ్వు, దాని నాన్న లాంతరు, అన్నీ కలిపి ఒక మూట కట్టి పో నదిలో పారెయ్యాలనిపించింది.

బుధవారం పొద్దున తిప్పితే చంద్రుడు వచ్చాడు. నీవెస్ చంద్రుణ్ణి అలాగే చూస్తూ కూర్చుంది. ఎజియో కొట్టుకి వెళ్ళిపోయాడు. ఇల్లు ఖాళీ. ఎవరు చూస్తారు? ఒక్క ముక్క వెతికి తీసి, రంగులు వేసి, 'ఇవాళ నక్షత్రం వచ్చింది' అని రాసుకుంటే ఎవరికి నష్టం? ఎలాగూ రేపో ఎల్లుండో వచ్చేదే. ఇలా తనకి తనే సర్దిచెప్పుకుని, ఆ కట్ట మొదలెట్టాక మొదటిసారి, దాన్ని వెల్లకిలా తిప్పి బల్ల మీద పరిచింది.

నక్షత్రం లేదు.

మళ్ళీ వెతికింది. ఒక్కొక్క ముక్కా వేలితో తోస్తూ లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. బల్ల కింద చూసింది, సొరుగులు లాగింది, పిండి డబ్బా వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఇరవై ఒకటే.

అప్పుడు ఆమెకి ఒక్కసారిగా వెలిగింది. కిందటి నెల్లో దెల్ఫీనా వచ్చింది. అగ్నొలొత్తి పిండి కోసే పళ్ళచక్రం అడగడానికి! దాని ఇంట్లో చక్రం లేదా? నీవెస్ గదిలోకి వెళ్ళి వెతికి తెచ్చేదాకా అది ఈ బల్ల దగ్గరే ఒంటరిగా కూర్చుంది, కట్ట ఎదురుగా పెట్టుకుని. ఇంకేముంది! అందుకే ఏడాదిగా రావడం లేదు. ముక్క వచ్చినదెప్పుడు, రానిదెప్పుడు అన్న లెక్క నీవెస్ చూసుకోలేదు. నెల కిందటి దొంగతనం ఏడాది నుంచి ఎలా పనిచేస్తుందో అడగడానికి పక్కన ఎవరూ లేరు. కడుపు మండేవాళ్ళకి లెక్కలు రావు. నిజం చెప్పాలంటే ఆమెకి హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ దెల్ఫీనా మంచిది అన్న ఒక్క మాటే అడ్డం వచ్చేది. ఇప్పుడు అది కూడా తొలగిపోయింది.

గురువారం సాయంత్రం అందరూ చేరారు. బల్ల మీద చివరి రోజని వెర్మూత్ ద్రాక్షసారా సీసా, చాక్లెట్లు పెట్టారు. జెలిందా గారి ముందు పట్టుగుడ్డ మూట ఉంది. దెల్ఫీనా బురుజు పేజీ చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. జెలిందా గారు నీవెస్ కూర్చున్న వైపు తిరిగి, "నీవెస్, నీ నక్షత్రం వచ్చిందా?" అంది.

నీవెస్ లేచి నిలబడింది. "రాలేదు. రాదు. నా కట్టలో నక్షత్రం లేదు, ఎవరో తీసేశారు. ఎవరో చెప్పమంటారా? నా వంటింట్లో నా బల్ల దగ్గర కూచుని నా కట్టలో చెయ్యి పెట్టింది ఎవరో ఆవిణ్ణే అడగండి!"

దెల్ఫీనా నోట్లో రొట్టె పుల్ల అలాగే ఉండిపోయింది. "నేనా? అక్కా, నేనా?"

"నువ్వు కాకపోతే మన అత్తగారా? పళ్ళచక్రం కావలసి వచ్చిందీవిడకి! నీకు కావలసింది చక్రం కాదు. నాకంటూ ఏముందో అదల్లా కావాలి నీకు. అత్తగారు నీకే, కొట్టు నీకే, ఇప్పుడిది కూడా!"

కింద కొట్టులో ఫ్రేముకి మేకు కొడుతున్న చప్పుడు వినపడుతోంది. జెలిందా గారు నెమ్మదిగా, కోపం లేకుండా అడిగింది.

"నక్షత్రం లేదని నీకెలా తెలిసిందమ్మా?"

నీవెస్ నోరు తెరిచింది. నోటికి రాబోయిన ప్రతి జవాబూ ఒకే చోటికి దారితీస్తోంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆ చోటికి చేరుకోవడం ఆమెకి కనపడుతూనే ఉంది. అందరికన్నా ఆఖరున దెల్ఫీనాకి అర్థమైంది, వెంటనే ఆమె తల దించుకుంది. తల దించుకోవలసింది ఆమె కాదు.

"వెతికాను," అంది నీవెస్.

"సరే. ఆ కట్ట ఇలా ఇస్తావా? నువ్వు ఇస్తేనే."

నీవెస్ తోసింది. జెలిందా గారు కళ్ళు మూసుకుని ఒక్కొక్క ముక్కనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పక్కన పెడుతూ పోయింది. ఒక దగ్గర ఆగింది. దాని అంచు మీద గోరు నడిపింది. "బూట్ల పెట్టె అట్టకి కూడా ఇంత మందం ఉండదు," అని, దాన్ని నీవెస్ చేతిలో పెట్టింది. "ఎవరిది ఇది? నువ్వే విప్పు."

తలకిందుల మనిషే. నీవెస్ అంచున గోరు దూర్చి లాగింది. చిరుగుతున్న చప్పుడుతో వాడి వెనకనించి ఇంకో అట్ట ఊడి వచ్చింది. నల్ల గీతల్లో చెరువు, రెండు కూజాలు, మోకాలు వంచిన ఆడమనిషి. రంగు పడని నక్షత్రం. మొహం ఉండవలసిన చోట ఉత్త అట్ట కనిపిస్తోంది. ఆ మొహం చిరిగి తలకిందుల మనిషి వీపుకి అంటుకుని ఉండిపోయింది.

ఒలికిన జిగురు నీళ్ళు నీవెస్‌కి అప్పుడు గుర్తొచ్చాయి.

"వీడు మొదటిసారి వచ్చిన రోజు పేజీ చదువు," అంది జెలిందా గారు.

నీవెస్ నోటుబుక్కు తిరగేసి చదివింది. త్యాగం, నిశ్చలత్వం, అహాన్ని విడిచిపెట్టడం. చదువుతుంటే తన గొంతు తనకే రేడియోలో ఎవరిదో అనిపించింది.

"ఆ రోజు ఇదా జరిగింది?"

"కాదు." నీవెస్ నోటుబుక్కు మూసేసింది. "ముందు రోజు మీరు దీని పేజీ మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. జిగురు ఒలికితే తుడవలేదు. రంగులు వేస్తున్నంతసేపూ దీన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అదీ జరిగింది."

"మరి అది రాయలేదేం?"

"అది కూడా రాస్తారా ఎవరైనా!"

"అదొక్కటే రాయాలి తల్లీ," అంది ముసలావిడ. తరవాత పట్టుగుడ్డ మూట దెల్ఫీనా వైపు జరిపింది.

దెల్ఫీనా ఏడుస్తోంది. "నాకొద్దండీ. అక్కకే ఇవ్వండి. నేను ఊరికే రంగులెయ్యడానికి వచ్చాను, దీని మీద ప్రాణం పెట్టుకున్నది అక్క."

"ఇది మీ బూట్ల కొట్టు కాదు, సైజు సరిపోకపోతే మార్చుకోవడానికి. తీసుకో."

తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. వేరే చోట్లు ఖాళీ లేవు. మూట దెల్ఫీనా ఒళ్ళో ఉంది. రెండు స్టాపులు దాటాక ఆమె, "ఒక్క ముక్క చూస్తావా అక్కా? నీ నక్షత్రం ఇందులో ఎలా ఉందో?" అంది. చూడాలని నీవెస్ ప్రాణం లాగేసింది. "అక్కర్లేదు," అంది. దొంగతనం అంటగట్టినందుకు క్షమించమని కూడా అడగలేదు. అడిగితే దెల్ఫీనా వెంటనే క్షమిస్తుంది, అది తను భరించలేదు.

ఇక గురువారాలకి వెళ్ళనని ఎజియోకి చెప్పింది. "మంచిది, ఆ వేలాడేవాణ్ణి కూడా వదిలెయ్. మళ్ళీ నన్నే తిట్టుకోవచ్చు," అన్నాడతను. మర్నాడు పొద్దున అలవాటున చెయ్యి కట్ట మీదికి పోయింది. ఆపుకోలేకపోయింది. ముక్క తిప్పి, పుస్తకాలు ముట్టకుండా, నోటుబుక్కులో ఏదో రాసింది. తరవాతి గురువారం సాయంత్రం కోటు వేసుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ వేసుకుని బయల్దేరింది.

ఫ్రేముల కొట్టు మీది గదిలో అదే బల్ల. దాని తలవైపు కుర్చీలో దెల్ఫీనా, అంచున కూర్చుని, పరీక్షకి వచ్చిన పిల్లలా ఉంది. నీవెస్‌ని చూసి లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నీవెస్‌కి చోటిచ్చి కప్పుల్లోకి చూస్తూ ఉండిపోయారు. "ఎవరు మొదలెడతారు?" అని దెల్ఫీనా గొంతు సవరించుకుంది.

"నేను చదువుతా," అంది నీవెస్. నోటుబుక్కు తెరిచింది.

"'ఇవాళ తలకిందుల మనిషి వచ్చాడు. పలచబడ్డాడు. వెనక్కి తిప్పితే నక్షత్రం మొహం వాడి వీపు మీద ఉంది. గోరుతో గీకాను, రాలేదు. ఎంత గీకితే అంత చెడుతోంది. నా తోడికోడలు ఆ కుర్చీలో కూర్చుంటుంది. నేను ఓర్చుకోలేను. అది చెడ్డదైతే ఎంత బాగుండును. చాలా వెతికాను, చెడ్డది కాదు. అందుకే ఇంకా ఓర్చుకోలేను.'"

చదవడం అయ్యాక కూడా ఆమె తల ఎత్తలేదు. దెల్ఫీనా చేతిలో రొట్టె పుల్ల ఫెళ్ళున విరిగింది. ఆమె మొహం ఎర్రబడింది, కళ్ళు నిండాయి. కోప్పడుతుందేమో, లేచి పోతుందేమోనని అందరూ చూస్తున్నారు.

"ఇదక్కా చూడటమంటే," అంది దెల్ఫీనా.

ఆ మాట కోసం నీవెస్ నాలుగేళ్ళు కాచుకుంది. వినగానే అరికాళ్ళ నుంచి తల దాకా సంతోషం పాకింది. ఆ నోటి నుంచే రావాలా అని కడుపు మళ్ళీ భగ్గుమంది. రెండూ ఒకదాన్ని ఒకటి వదలకుండా లోపలే కూర్చున్నాయి. అది కూడా రేపు రాయాలనుకుంటూ, నోటుబుక్కు మూసి, దెల్ఫీనా ముందున్న గ్లాసులోంచి ఒక రొట్టె పుల్ల లాక్కుంది.